కేబుల్ తీసేసి స్ట్రీమింగ్‌కి మారదామనుకుంటున్నాను: 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' మా అమ్మాయితో మొదటి నుంచి ఎలా చూడాలి?

పటమట పద్దులు (విజయవాడ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో పద్దులు రాస్తాను. ఇంట్లో అమ్మ, నా భార్య, పదమూడేళ్ల మా అమ్మాయి ఉంటారు. రెండు విషయాల్లో సలహా కావాలి. అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కలిపే రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

2012లో 'అవెంజర్స్' సినిమాలో కౌల్సన్ చనిపోయినప్పుడు మా తమ్ముడు హాల్లోంచి బయటికి వచ్చి, బైకుల స్టాండు దగ్గర చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. ఇనుప కవచాలు, సుత్తులు, ఆకుపచ్చ రాక్షసుడు ఉన్న ఆ సినిమాలో వాడికి నచ్చింది సూటు వేసుకుని తిరిగే ఆ మామూలు ఉద్యోగి. మరుసటి ఏడాది అదే మనిషి బతికివచ్చి 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' అనే టీవీ సిరీస్‌లో షీల్డ్ గూఢచారి సంస్థ బృందం ఒకదాన్ని నడిపిస్తున్నాడని తెలిసిన రోజున వాడే వెళ్లి కేబుల్ ఆయనతో మాట్లాడి సెట్‌టాప్ బాక్సు పెట్టించాడు. అప్పటికి మా వీధిలో చాలా ఇళ్లకు బాక్సు లేదు. గోడలోంచి వచ్చిన తీగను నేరుగా టీవీకి తగిలించుకునేవారు.

వారానికి ఒక ఎపిసోడ్. దుకాణంలో వాడకుండా మిగిలిన పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఎడమ పేజీ నాది, కుడి పేజీ తమ్ముడిది. ఎపిసోడ్ అవగానే తర్వాత ఏం జరుగుతుందో ఎవరికి వాళ్లం రాసుకుని, ఆ తర్వాతే ఒకరిది ఒకరం చూసుకునేవాళ్లం. నిజమైన ఊహ జమ గడిలోకి, తప్పిన ఊహ ఖర్చు గడిలోకి. ఎపిసోడ్ అయిపోయినట్టే ఉండి, ప్రకటనలు వచ్చి, వాటి తర్వాత ఒక నిమిషం పాటు చిన్న దృశ్యం ఒకటి వచ్చేది గుర్తుందా? ఆ ప్రకటనలు నడిచినంతసేపూ తమ్ముడు రిమోట్‌ను దిండు కింద పెట్టుకుని కూర్చునేవాడు, ఎవరూ ఛానల్ మార్చకుండా.

(మొదటి సీజన్ చూడనివారు ఈ పేరా వదిలేయండి.) కౌల్సన్ ఎలా బతికాడన్నదే ఆ సీజన్‌లో పెద్ద ప్రశ్న. ఎవరడిగినా తహితీ వెళ్లానని, అది అద్భుతమైన చోటని చెబుతాడు. ప్రతిసారీ పాఠం ఒప్పజెప్పినట్టు అవే మాటలు. మూడో వారమో నాలుగో వారమో తమ్ముడు తన పేజీలో "మేకి తెలుసు" అని రెండు మాటలు రాసి మూసేశాడు. మే అంటే బృందం విమానం నడిపే ఆవిడ. ఆవిడకు ఏం తెలుసని నేను వాదించాను. నేనేమో బృందంలోని వార్డ్‌ను నమ్మి, అతను ఎంత మంచివాడో వారం వారం రాసుకుంటూ పోయాను. తమ్ముడి మాటే నిజమైంది. పదిహేడో ఎపిసోడ్ చూసిన రాత్రి నా పేజీ మీద తేదీ వేసి ఇంకేమీ రాయలేకపోయాను. ఆ ఖాళీ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది.

రెండో సీజన్‌లో పది ఎపిసోడ్లు అయ్యాక విరామం వచ్చింది కదా, 2014 డిసెంబరులో. భూమి కింద, బృందంలోని స్కై అనే అమ్మాయి ఒంటి మీద రాయిలా గట్టిపడిన పొర పగిలి రాలిపోవడం, ఆ వెంటనే చుట్టూ అంతా అదరడం. సరిగ్గా అక్కడ ఆగిపోయాము. ఆ విరామంలోనే తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మార్చిలో సిరీస్ మళ్లీ మొదలైంది గాని నాకు ఒంటరిగా కూర్చుని చూడాలనిపించలేదు. తర్వాత 2019లో ఛానళ్లు ఎవరికి కావలసినవి వారే ఎంచుకోవాలన్న పద్ధతి వచ్చినప్పుడు ఇంగ్లీషు ప్యాక్ వదిలేసి అమ్మకు కావలసినవి ఉంచాను. 2020లో ఏఎక్స్ఎన్, హెచ్‌బీఓ ఛానళ్లు మన దేశంలో మూతపడ్డాయి. అదే ఏడాది ఆగస్టు 12న షీల్డ్ కూడా ఏడో సీజన్‌తో ముగిసిందని చదివాను. అంటే రెండో సీజన్ సగం నుంచి చివరిదాకా నాకు ఏమీ తెలియదు. దయచేసి ఎవరూ చెప్పకండి.

ఇప్పుడు అసలు విషయం. మొన్న ఒక స్నేహితుడి ఇంట్లో, వాళ్ల స్ట్రీమింగ్ యాప్‌లో ఏడు సీజన్లూ వరుసగా కనిపించాయి. మా అమ్మాయితో మొదటి నుంచి చూడాలని, బెంగళూరులో తమ్ముడు కూడా అదే సమయానికి చూడాలని అనుకున్నాము. లెక్క వేశాను: మొదటి ఐదు సీజన్లకు ఇరవై రెండేసి, చివరి రెంటికి పదమూడేసి, మొత్తం 136 ఎపిసోడ్లు. ఒక్కోటి సుమారు 42 నిమిషాలు. అంటే 95 గంటలు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి చూస్తే 68 వారాలు.

ఫైబర్ ఇంటర్నెట్‌కూ యాప్‌కూ డబ్బు కడుతూ కేబుల్‌కు కూడా కట్టడం నా జీతానికి బరువు. కేబుల్ తీసేద్దామంటే అమ్మ ఉంది. ఆవిడ రిమోట్‌కు ప్లాస్టిక్ తొడుగు వేసి, అది జారకుండా రబ్బరు బ్యాండు చుట్టుకుంది. తొడుగు మీదే అంకెలు చెరిగిపోయాయి. అమ్మ వాటిని చూడదు, బొటనవేలితో తడుముతూ మూడు అంకెలు నొక్కుతుంది. మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం మూడు ఛానళ్లలో మూడు సీరియళ్లు, రాత్రి వార్తలు. ఒక్క అంకె కూడా తప్పదు.

కాబట్టి చెప్పండి. కేబుల్ తీసేస్తే అమ్మకు ఏం చేయాలి? రెండోది, నాకు ఇంకా ముఖ్యమైనది: అన్ని ఎపిసోడ్లూ ఒకేసారి చేతిలో ఉన్నప్పుడు వారం ఆగి చూడటం సాధ్యమవుతుందా? మేము ఆ సిరీస్‌ను చూసిన సమయం కన్నా దాని కోసం ఎదురుచూసిన సమయమే ఎక్కువ. మా అమ్మాయికి అది కూడా దొరకాలని నా కోరిక.

---

బ్రాడీపేట టీచరు (గుంటూరు)

నమస్కారమండీ. మీ ప్రశ్న చదివి పక్క గదిలో ఉన్న మా అత్తగారిని పిలిచి మీ అమ్మగారి రిమోట్ సంగతి వినిపించాను. "ఆవిడ రిమోట్ జోలికి పోవద్దని రాయి" అన్నారు. అదే మొదట రాస్తున్నాను.

మేము రెండేళ్ల క్రితం కేబుల్ తీసేశాము. వార్తలకు ఏ ఇబ్బందీ లేదు. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు యూట్యూబులో ప్రత్యక్షంగా వస్తాయి, ఎస్వీబీసీ కూడా వస్తుంది. చిక్కంతా సీరియళ్లతోనే. ఈటీవీవి ఈటీవీ విన్‌లో, స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. మీ అమ్మగారి మూడు సీరియళ్లు మూడు సంస్థలవైతే మూడు యాప్‌లు, మూడు చందాలు. కేబుల్ తీసేసి మిగిలించిన డబ్బు అక్కడే పోతుంది. ముందు కాగితం మీద ఆ మూడు సీరియళ్ల పేర్లు, వాటి పక్కన ఛానళ్లు రాసుకుని కూడి చూడండి. పద్దులు రాసే మీకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

మా అత్తగారికి కొత్త రిమోట్ అలవాటు కావడానికి నెల పట్టింది. మధ్యలో ఉన్న గుండ్రటి బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ల, వెనక్కి వెళ్లే బటన్ మీద నల్ల బొట్టుబిళ్ల అంటించాను. "ఎరుపు అంటే లోపలికి, నలుపు అంటే బయటికి." చెమటకు ఊడిపోతే ఆవిడే కొత్తవి అంటించుకుంటారు. యాప్‌లన్నీ మొదటి వరుసలోకి తెచ్చి, ఆవిడకు అక్కర్లేనివి కిందికి తోసేశాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. టీవీ పెట్టగానే ఏదో ఒకటి నడుస్తూ ఉండటం పెద్దవాళ్లకు ఇష్టం. యాప్‌లో ప్రతిదీ వెతుక్కోవాలి, ఎంచుకోవాలి. అది వాళ్లకు పనిలా అనిపిస్తుంది. మా అత్తగారికి అది ఇప్పటికీ ఇష్టం లేదు.

ఇంటర్నెట్ వేగం గురించి కంగారు పడకండి. హెచ్‌డీ నాణ్యతకు 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. అయితే ఫోను హాట్‌స్పాట్‌తో టీవీ నడపవద్దు. హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ ఖర్చవుతుంది, రోజువారీ డేటా ఒక్క ఎపిసోడ్‌కే అయిపోవచ్చు.

ఇక షీల్డ్. నేను రెండుసార్లు పూర్తిగా చూశాను, అందుకే ఒక్కటి గట్టిగా చెబుతాను. సిరీస్ కథ మార్వెల్ సినిమాల కథతో కలిసి నడుస్తుంది కాబట్టి ఆ సినిమాలను వాటి చోట్లలో పెట్టి చూపించండి. ఎనిమిదో ఎపిసోడ్‌కు ముందు రెండో 'థోర్' సినిమా చూస్తే మంచిది, చూడకపోయినా నష్టం లేదు. కాని పదిహేడో ఎపిసోడ్‌కు ముందు 'కెప్టెన్ అమెరికా: ద వింటర్ సోల్జర్' తప్పనిసరి. 2014లో ఆ సినిమా ఏప్రిల్ 4న విడుదలైంది, అమెరికాలో ఆ ఎపిసోడ్ ఏప్రిల్ 8న ప్రసారమైంది. నాలుగు రోజుల తేడా! సినిమాలో పునాది కదిలిన ఇంట్లోనే సిరీస్ మనుషులు కాపురం ఉంటున్నారు. పదహారు ఎపిసోడ్లు ఓపిక పట్టి కథను మెల్లగా నడిపింది ఆ ఒక్క రోజు కోసమే. యాప్‌లో చూసేవాళ్లు సినిమాను దాటేసి పదిహేడులోకి వెళ్లిపోతారు, ఆ దెబ్బ సగమే తగులుతుంది. మీ అమ్మాయి విషయంలో అలా జరగనివ్వకండి. రెండో సీజన్‌లో పంతొమ్మిది, ఇరవై ఎపిసోడ్ల మధ్య 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' పెట్టుకోండి.

---

తెనాలి తారాజువ్వ

అన్నగారూ, మీ ప్రేమ అర్థమైంది గాని మొదటి పది ఎపిసోడ్లు నెమ్మదిగా ఉంటాయి. వారానికో కేసు, వారానికో వస్తువు. ఇప్పటి పిల్లలు అంతసేపు ఆగరు. మా చెల్లెలికి మొదటి ఎపిసోడ్ చూపించి, మధ్యలోవి నోటితో చెప్పి, నేరుగా పదమూడు నుంచి చూపించాను. బాగానే చూసింది. ఆ పదకొండింటినీ రెండు మాటల్లో చెప్పేయవచ్చు.

---

పటమట పద్దులు

తెనాలి తమ్ముడూ, ఈ సలహా నేను తీసుకోలేను. ఆ నెమ్మది ఎపిసోడ్లలోనే బృందంలోని శాస్త్రవేత్తలు ఫిట్జ్, సిమ్మన్స్ ఒకరి వాక్యాన్ని ఒకరు పూర్తిచేస్తూ ప్రయోగశాలలో తిరగడం చూశాము. ఆరో ఎపిసోడ్‌లో సిమ్మన్స్‌కు జబ్బు చేసి, తన వల్ల మిగతావాళ్లకు ముప్పు రాకూడదని విమానం వెనుక తలుపు తెరుచుకుని దూకినప్పుడు మా ఇంట్లో ఎవరూ కదల్లేదు. అప్పటికి ఐదు వారాలుగా తెలిసిన మనుషులు వాళ్లు. నోటితో చెబితే అది కథ అవుతుంది గాని పరిచయం అవదు. టీచరు గారూ, మీరు చెప్పిన సినిమాల వరుస పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. బొట్టుబిళ్ల సంగతి అమ్మకు చెప్పాను. "నా బొట్టుబిళ్లలు నుదుటికే" అంది.

---

కృష్ణలంక కేబుల్

అయ్యా, నేను మీరు తీసేద్దామనుకుంటున్న పక్షం మనిషిని. మా నాన్నగారు 1990లలో కృష్ణలంకలో తీగలు లాగడం మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నా మాట విని తర్వాత మీ ఇష్టం.

కేబుల్ మొత్తం తీసేయాలన్న తొందర ఎందుకు? 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం ప్రతి ఛానల్‌నూ విడిగా తీసుకోవచ్చు. అప్పట్లో 100 ఛానళ్ల దాకా నెట్‌వర్క్ ఛార్జి (ఛానళ్ల ధర కాక, కనెక్షన్‌కు కట్టేది) గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే డబ్బుకు 200 ఛానళ్లు చేశారు. 2024లో ఆ పరిమితి తీసేసి ఆపరేటర్లకే వదిలేశారు. కాబట్టి ఇవాళ మీ వీధిలో ఎంత తీసుకుంటున్నారో మీరే అడగాలి. ఉచిత ఛానళ్లు ఉంచుకుని, దాని మీద అమ్మగారికి కావలసిన రెండు మూడు తెలుగు ఛానళ్లు మాత్రం విడిగా తీసుకోండి. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, పెద్ద ప్యాక్ ఒకటి ఎప్పుడో వేయించుకుంటారు, అందులో ఎవరూ చూడని క్రీడలు, పిల్లల బొమ్మలు, హిందీ సినిమాలు ఉంటాయి, ఏళ్లతరబడి కడుతూ ఉంటారు. ఎవరూ అడగరు, మేమూ గుర్తుచేయము. అది మా తప్పే, నేను ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి. వేరే ఒప్పందం లేనిచోట ఆ నెట్‌వర్క్ ఛార్జిలో 55 పాళ్లు పైనున్న పంపిణీ సంస్థకు, 45 పాళ్లు మాలాంటి వీధి ఆపరేటరుకు. ఆ 45 పాళ్లలోనే తీగలు, స్తంభం ఎక్కే కుర్రవాడి జీతం. వాన పడిన రాత్రి మీ అమ్మగారి సీరియల్ ఆగిపోతే ఫోను ఎత్తే మనిషి ఒకరు ఉంటారు. యాప్ ఆగిపోతే ఎవరికి ఫోను చేస్తారు? ఇప్పుడు మాలో చాలామందిమి ఫైబర్ ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాము. మీ ఆపరేటరును రెండూ కలిపి ఎంతకు ఇస్తారో అడగండి. రెండు వేర్వేరు బిల్లుల కన్నా తగ్గవచ్చు.

అప్పటికీ తీసేయాలనుకుంటే ఒక నెల ఆపి చూడండి. బాక్సు మాత్రం వెంటనే తిరిగి ఇచ్చేయకండి. నెల తిరగకుండానే మళ్లీ పెట్టమని వచ్చినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు.

షీల్డ్ గురించి నాకు తెలియదు. కాని మీ తమ్ముడు 2013లో బాక్సు కోసం కేబుల్ ఆయన దగ్గరకు వెళ్లాడని చదివి సంతోషమేసింది. అప్పట్లో బాక్సులు వద్దని పోట్లాడినవాళ్లే మాకు ఎక్కువ.

---

సింగ్‌నగర్ నుంచి

అన్నయ్యా, నేను కేబుల్ నుంచి స్ట్రీమింగ్‌కి మారింది కావాలని కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా ఇంట్లోకి నడుము దాటి నీళ్లు వచ్చాయి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఫ్రిజ్ అన్నీ మునిగిపోయాయి. పడవలో బయటికి వచ్చి గుంటూరులో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాము. తిరిగి వచ్చాక బురద తీయడానికే రోజులు పట్టింది. గోడ మీద టీవీ ఉన్నచోట నలుచదరంగా పాత రంగు మిగిలింది, దాని సగం మీదుగా నీటి గీత. వీధిలో కేబుల్ తీగలు తెగి వేలాడుతున్నాయి. అవి ఎప్పుడు బాగవుతాయో ఎవరూ చెప్పలేదు. కొత్త టీవీ వాయిదాల మీద కొన్నప్పుడు ఇక నేరుగా ఇంటర్నెట్ పెట్టించుకున్నాము.

పెద్దమ్మ ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో మా బావ ఫోనులో షీల్డ్ మొదలుపెట్టాను. నిద్ర పట్టక రోజుకు ఐదారు ఎపిసోడ్లు చూసేశాను. అప్పుడు అది నాకు అవసరం. కాని ఇప్పుడు రెండో సీజన్‌లో ఏం జరిగిందో, మూడో సీజన్‌లో ఏం జరిగిందో అడిగితే కలిసిపోయి గుర్తొస్తాయి. వారం ఆగి చూడాలన్న మీ పట్టుదల వదలకండి. మీకు తేదీ వేసిన ఖాళీ పేజీ ఉంది, నాకు అలాంటిది ఒక్కటీ లేదు.

రెండు జాగ్రత్తలు చెబుతాను. యాప్‌లో ప్రతి ఎపిసోడ్ కింద ఒక బొమ్మ, రెండు మూడు వాక్యాల కథ ఉంటాయి. తర్వాతి ఎపిసోడ్ బొమ్మలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూస్తేనే గుట్టు బయటపడిపోతుంది. నాకు ఒక మనిషి సంగతి అలాగే ముందే తెలిసిపోయింది. కాబట్టి ఎపిసోడ్‌ను ఎంచుకునేది మీరు మాత్రమే అయి ఉండాలి. అమ్మాయిని ఆ క్షణంలో మంచినీళ్ల కోసం వంటింట్లోకి పంపండి. రెండోది, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఏర్పాటును సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయండి. వారం ఆగడానికి మొదటి మెట్టు అదే.

కథ చెప్పను గాని ఇంత మాత్రం చెప్పవచ్చు. మూడో సీజన్ ఐదో ఎపిసోడ్ రోజున ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా, లైట్లు ఆర్పి చూడండి. నాలుగో సీజన్ మూడు భాగాలుగా నడుస్తుంది, మొత్తం సిరీస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టం అదే. అక్కడి నుంచి కొట్లాటలు, రక్తం కొంచెం ఎక్కువవుతాయి. అప్పటికి మీ అమ్మాయి కాస్త పెద్దదవుతుంది కాబట్టి పరవాలేదు. ఐదో సీజన్ ఆఖరి ఎపిసోడ్ పేరు 'ది ఎండ్'. సిరీస్ అక్కడితో ఆగిపోవచ్చేమోనన్న ఆలోచనతో రాసినది. అది చూసిన రోజు పుస్తకంలో రెండు పేజీలు ఉంచుకోండి.

---

బ్రాడీపేట టీచరు (గుంటూరు)

సింగ్‌నగర్ అమ్మాయి చెప్పిన బొమ్మల సంగతి నూటికి నూరు పాళ్లు నిజం.

ఒక లెక్క మాత్రం సరిచూసుకోండి. 68 వారాలంటే ఏడాది దాటుతుంది. ఏడాది చందా కడితే ఆరో సీజన్‌కు ముందే అయిపోతుంది. పైగా ఏ సిరీస్ అయినా ఏ యాప్‌లోనైనా శాశ్వతంగా ఉండదు. అమెరికాలో షీల్డ్ ఏళ్లపాటు నెట్‌ఫ్లిక్స్‌లో ఉండి, 2022లో అక్కడి నుంచి తీసేస్తే డిస్నీ ప్లస్‌లోకి వెళ్లింది. కేబుల్‌లో ఛానల్ మూతపడినట్టే ఇక్కడ సిరీస్ యాప్ మారుతుంది. మధ్యలో అలా జరిగితే కంగారు పడకండి, ఎక్కడికి వెళ్లిందో వెతుక్కుని వెళ్లండి.

---

పటమట పద్దులు (మూడు వారాల తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

కృష్ణలంక ఆయన మాట విని మా కేబుల్ ఆయన్ను కూర్చోబెట్టి మా ప్యాక్‌లో ఏమేమి ఉన్నాయో చదివించాను. ఎవరూ చూడని ఛానళ్లకు ఐదేళ్లుగా కడుతున్నాము. అవన్నీ తీయించి, ఉచిత ఛానళ్లూ అమ్మ సీరియళ్లు వచ్చే మూడూ ఉంచాను. ఫైబర్ కూడా ఆయన దగ్గరే తీసుకున్నాను. మొత్తం కూడితే మునుపటి కన్నా కొంచెమే ఎక్కువ, భరించగలను. అమ్మ రిమోట్ అమ్మ దగ్గరే ఉంది, రబ్బరు బ్యాండుతో సహా. అంకెలు కూడా మారలేదు. స్ట్రీమింగ్‌కు వేరే రిమోట్.

శని, ఆదివారాలు రెండు ఎపిసోడ్లు అన్న నా లెక్కను నా భార్య ఒప్పుకోలేదు. "మీరు అప్పుడు వారానికి ఒకటే చూశారు కదా, ఇప్పుడు రెండెందుకు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. కాబట్టి శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒక్కటే. 136 వారాలు, రెండున్నరేళ్ల పైమాటే. అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. పదో తరగతి అయ్యేసరికి మేము ఏడో సీజన్‌లో ఉంటాము. టీచరు గారూ, చందా నెలనెలా కట్టేదే తీసుకున్నాను.

మొదటి శనివారం తమ్ముడిని ఫోనులో స్పీకరు మీద పెట్టి టీపాయి మీద ఉంచాము. ఇద్దరమూ ఒకేసారి నొక్కామనుకున్నాము గాని వాడి టీవీ మాకన్నా నాలుగు సెకన్లు ముందుంది. చీకటి మూలలోంచి కౌల్సన్ వెలుగులోకి వచ్చే చోట, ఇంకా మా తెర మీద చీకటే ఉండగా, ఫోనులోంచి తమ్ముడి ఊపిరి వినిపించింది. వాడు ఆ దృశ్యం చూడటం అది ఎన్నోసారో నాకు తెలియదు. వెంటనే ఆపించి, వెనక్కి తిప్పి, "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి మళ్లీ మొదలుపెట్టాము. ఇప్పుడు ప్రతి వారమూ ఆ లెక్క అమ్మాయే పెడుతోంది.

అమ్మ నిద్రపోయింది అనుకున్నాము, నిద్రపోలేదు, మంచం మీద నుంచే చూస్తోంది. "చనిపోయినవాడు వచ్చాడా? ముఖం అదేనా, వేరే నటుడిని పెట్టారా?" అని అడిగింది. అదే ముఖమని చెబితే "అయితే బాగుంది" అని ఇటు తిరిగి పడుకుంది. రెండో వారం కూడా చూసింది. వింటూ నిద్రపోయింది, కాని సగం దాకా చూసింది.

మొదటి ఎపిసోడ్ చివరన ఎర్ర కారు, లోలా, మెల్లగా నేల మీద నుంచి లేచినప్పుడు అమ్మాయి సోఫా మీద మోకాళ్లపై లేచి నిలబడింది. ప్రకటనలు లేవు కాబట్టి రిమోట్‌ను దిండు కింద దాచే అవసరం రాలేదు. అయినా తెర నల్లబడేదాకా ఎవరమూ కదల్లేదు.

పాత పుస్తకంలోనే రాస్తున్నాము. రెండో సీజన్ పదో ఎపిసోడ్ దాకా మేము రాసిన పేజీలన్నిటికీ దుకాణం నుంచి తెచ్చిన రెండు ఇనుప క్లిప్పులు బిగించాను, అమ్మాయి తిరగేయకుండా. వాటి వెనుక కొత్త పేజీ నుంచి మూడు గడులు గీశాను. తమ్ముడు ఫోనులో చెబితే వాడి గడిలో నేను రాస్తున్నాను. అమ్మాయి తన గడిలో పెన్సిలుతో రాస్తానంది. ఇందులో పెన్నుతోనే రాయాలి, తర్వాత చెరిపేయకూడదు అన్నాను. కాసేపు ఆలోచించి నా జేబులోంచి పెన్ను తీసుకుని, పేజీకి చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. ఏం రాసిందో ఇంకా చూపించలేదు. నిజమైన రోజున చూపిస్తుందట. నిన్న మూడో ఎపిసోడ్ అయింది.